ఎక్స్ కడ్డీ ఎంత వంగింది?

షెడ్డులో అందరూ ఆమెను కొలతలక్క అంటారు. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్లు స్ప్రింగుల ఫ్యాక్టరీలో పనిచేసింది. ప్రతి స్ప్రింగుకూ బరువు తగిలించి, ఎంత సాగిందో చూసి, పాసో ఫెయిలో చెప్పడమే ఉద్యోగం. ఫ్యాక్టరీ మూతపడ్డాక గోల్ఫు మైదానం వెనకాల రేకుల షెడ్డులో, గోల్ఫు కర్రల్లో పిడికీ తలకీ నడుమ కొత్త కడ్డీలు బిగించే పనిలో చేరింది.

చేరిన వారంలోనే ఒక సంగతి ఆమెకు మింగుడుపడలేదు. కడ్డీ ఎంత బిరుసో చెప్పడానికి దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎల్ అంటే ఆడవాళ్లకని చేసిన మెత్తనిది. ఆర్ మామూలుది. ఎస్ గట్టిది. ఎక్స్ అయితే మహా గట్టిది.

"ఈ అక్షరాలు ఎవరు వేస్తారండీ?" అని మేనేజరును అడిగింది.

"ఏ కంపెనీ వాళ్లవి ఆ కంపెనీ వాళ్లే వేసుకుంటారు."

"మరి అందరి కొలతా ఒకటేనా?"

"అదెవరు చూడొచ్చారు!"

నేను చూస్తానుగా అనుకుంది కొలతలక్క. కడ్డీ మొదలును బల్లకు బిగించి, కొసకు రెండు కిలోల బరువు వేలాడదీసి, వెనక గోడకు గీతల కాగితం అంటించింది. రెండు కంపెనీల ఎస్ కడ్డీలు తీసింది. ఒకటి పది సెంటీమీటర్లు వంగింది. రెండోది పదమూడు! ఆమెకు నవ్వు ఆగలేదు. భోజనం మాటే మరిచిపోయి ఉన్న నలభై మూడు కడ్డీలూ వంచి చూసింది. ఇంటికెళ్లి తుడుపుకర్రనూ వదల్లేదు.

"ఏమైందే నీకు?" అన్నాడు భర్త.

"పద్నాలుగున్నర!" అంది ఆమె, మొహం చాటంత చేసుకుని.

ఒక ఆదివారం ఉదయం పళ్ల డాక్టరొకాయన తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ కర్రకు పిడి తొడుగు ఊడింది. ఆయన చేతిలో తళతళలాడే కొత్త ఎక్స్ కర్ర.

"నా ఊపుకి ఇదొక్కటే ఆగుతుందమ్మా. మిగతావి పుల్లల్లా విరిగిపోతాయి."

"అయితే వంచి చూద్దామా డాక్టరుగారూ?"

"చూడండి, వంగితేగా!"

వంగింది. పన్నెండున్నర. పక్కనే అత్తగారి పాత ఎల్ కర్రను బిగించింది. పన్నెండు.

అత్తగారు గీతల కాగితం దగ్గరికొచ్చి తొంగిచూసింది.

"అంటే ఏంటమ్మా?" అంది అత్తగారు.

"మీదే గట్టిదండీ. అర సెంటీమీటరు."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ లాభం లేకపోయింది. కిసుక్కుమని మొదలైంది కాస్తా పకపకల్లోకి దిగింది. "అల్లుడుగారూ, నా కర్ర ముట్టుకోకండి, చెయ్యి బెణుకుతుంది!"

డాక్టరు మొహం కందగడ్డయింది. మళ్లీ కొలవమన్నాడు. ఈసారి మరలు తానే బిగించాడు, బరువు తానే తగిలించాడు. ముమ్మారు కొలిచినా అదే పన్నెండున్నర.

కొలతలక్కకు జాలేసింది. ఐదు కర్రలు తీసి, అక్షరాలు కనబడకుండా టేపు చుట్టి ఇచ్చింది. "చేతికి ఏది నచ్చితే అదే మీది."

మైదానం అంచున నిలబడి కొట్టాడాయన. మొదటి రెండు బంతులూ పొదల్లో పడ్డాయి. మూడోది ఎటుపోయిందో ఎవరికీ తెలీదు. నాలుగో కర్రతో కొడితే దారం పట్టినట్టు తిన్నగా పోయింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తిన్నగానే!

"ఇదీ! ఇదీ ఎక్స్ అంటే!" అని గెంతాడు.

టేపు ఒలిచి చూస్తే ఆర్. వట్టి మామూలుది.

డాక్టరు నీరుగారిపోయేలోపే కొలతలక్క కాగితం చూపించింది. "కానీ దీని కొలత పదకొండు ముప్పావండీ."

"అంటే... అత్తయ్యగారి దానికన్నా?"

"పావు సెంటీమీటరు గట్టిది."

"పావైతేనేం!" అని అరిచి, ఆయన అత్తగారి రెండు చేతులూ పట్టుకుని షెడ్డంతా గిరగిరా తిప్పేశాడు. "వదలండి బాబూ, కళ్లు తిరుగుతున్నాయి" అంటూనే ఆవిడా తిరిగింది. అప్పటికప్పుడు ఆర్ గీకించేసి, అక్కడ పదకొండు ముప్పావు రాయించుకున్నాడు.

మరుసటి ఆదివారానికి షెడ్డు ముందు పెద్ద వరస. "మీదెంత?" "పది పావు. మీది?" అని ఒకటే సందడి. వరస చివర ఒకాయన మొహమాటంగా చేపల గాలం కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదీ కొలుస్తారా అమ్మా?"

"ఇలా తెండి!"

బరువు తగిలించీ తగిలించకముందే గాలం కర్ర వంగి వంగి, కాగితం దాటి, నేలను తాకింది. నవ్వలేక పొట్ట పట్టుకుని, కొలతలక్క నిచ్చెన కోసం పరుగెత్తింది. బల్లను ఎంత పైకెత్తాలో అప్పటికే లెక్కేస్తోంది.