లేవని చెయ్యితో విరుదునగర్ దాకా

మొక్కజొన్న మూట ఎత్తుతుంటే ఎడమ భుజంలో కలుక్కుమంది. పని చేసిన ఒళ్ళు కదా, నాలుగు రోజుల్లో అదే పోతుందనుకున్నాను. నాలుగు నెలలైంది. నూనె రాయించాను, పక్క ఊరి వైద్యుడి చేత లాగించాను. చెయ్యి భుజం ఎత్తుకు కూడా రాలేదు. దానితో మా కులదేవత జక్కమ్మ పండగలో దేవరాటం ఆడలేకపోయాను. రెండు చేతుల్లో రుమాళ్ళు పట్టి, ఉరుమి డోలు దెబ్బకు వరస మొత్తం ఒక్కసారిగా చేతులెత్తే ఆట అది. పద్నాలుగో ఏట నుంచి ఆ వరసలో ఉన్నవాణ్ణి, ఈసారి ఉరుమి వాయించేవాళ్ళ వెనక తల వంచుకుని కూర్చున్నాను. విరుదునగర్‌లో ఫిజియోథెరపీ చేసే ఒకామె ఉందని మా వదిన చెబితే, ఆ వారమే బయలుదేరాను.

తమిళనాడులో ఎట్టయాపురం పక్కనున్న మా ఊరి నుంచి ఆరింటి బస్సు. ఏడుకల్లా కోవిల్‌పట్టి చేరాను. స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని, ఏడున్నర దాటాక వచ్చిన పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కనే చోటు దొరికింది. బయట దున్ని వదిలేసిన నల్లరేగడి, అక్కడక్కడా తుమ్మచెట్లు. ఇంటికి ఫోను చేసి మన తెలుగులో మాట్లాడుతుంటే ఎదుటి సీటులోని ముసలామె చెవి ఒగ్గి వింది. ఫోను పెట్టగానే పలకరించింది.

"యా ఊరు నాయినా? మనోళ్ళ మాట వినపడె."

ఊరు చెప్పాను, చెయ్యి సంగతీ చెప్పాను. ఆమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిందట. తన కుడి చెయ్యి ఎత్తి చూపబోయింది. మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఆగిపోయింది.

"నాకూ ఇట్నే వచ్చె. ఆస్పత్రికి పోతే ఆ పొద్దు కూలి పోతాదని ఇడిస్తి. ఇప్పుడు కోడలే జడేస్తాది. రొంబ బాగా ఏస్తాది, కొరత చెప్పకూడదు. అయినా నా జడ నేనే ఏసుకోవాలని ఆశ."

సాత్తూరులో దిగుతూ, "మద్దెలో ఇడవద్దు నాయినా" అంది.

ఎనిమిదిన్నరకు విరుదునగర్. స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక. ఫిజియోథెరపీ చేసే ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి, తమిళంలో మాట్లాడింది. చెయ్యి అన్ని వైపులా తిప్పి చూసి, నిద్ర పడుతోందా అని అడిగింది. ఆ వైపు ఒత్తిగిలలేక రెండు నెలలైందన్నాను.

"అప్పుడే రావలసింది. పని చేసి వచ్చిన నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. దానికి విశ్రాంతి, వేడి కాపడం చాలు. రెండు వారాలైనా తగ్గకపోతే, నిద్ర పోనివ్వకపోతే, చెయ్యి పైకి రాకపోతే మా దగ్గరికి రావాలి. పడి దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా, వేళ్ళు మొద్దుబారి పట్టు తప్పినా ముందు డాక్టరు దగ్గరికే."

నా భుజం బిగిసిపోయిందని చెప్పింది. తరువాత, "ఈ చెయ్యితో మీరేం చెయ్యాలనుకుంటున్నారు?" అని అడిగింది.

నాలుగు నెలల్లో ఎవరూ నన్ను అలా అడగలేదు. చెప్పడం చేతకాక లేచి నిలబడి దేవరాటం అడుగులు నాలుగు వేసి చూపించాను. కుడి చెయ్యి పైకి లేచింది. ఎడమది నడుము దగ్గరే ఉండిపోయింది. ఆమె నవ్వలేదు. గోడకు ఎదురుగా నిలబెట్టి, ఎడమ చేతి వేళ్ళను గోడ మీద మెల్లగా పైకి పాకించింది. ఆగిన చోట పెన్సిలుతో గీత గీసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నొప్పి వల్ల మాత్రమే కాదు.

"వచ్చే పండక్కి పూర్తిగా లేస్తుందా?"

"మాట ఇవ్వలేను. రోజూ మూడుసార్లు ఇలా చేస్తే పైకి జరుగుతుంది. ఆట మానకండి. చెయ్యి ఎంతవరకు వస్తే అంతవరకే ఎత్తండి."

బస్టాండు దగ్గర నూనె పరోటా తిని రెండింటి బస్సు ఎక్కాను. సాత్తూరు దాటాక మా చిన్నాన్న కొడుకు, ఆట నడిపే రాజుకు ఫోను చేశాను.

"చివర నిలబడతాలే రాజూ. చెయ్యి లేవకున్నా పరవాలే. ఒక చోటు మాత్రం ఉంచు."

వాడు వెంటనే అందుకున్నాడు.

"నీ చోట ఎవురు నిలిచిరన్నా? ఈ పండక్కి దాన్ని కాళీగానే ఇడిచి ఆడితిమి. నువ్వు చూడలే."

ఇకపై వారానికి రెండుసార్లు ఇదే దూరం తిరగాలి. ఇలాంటి నొప్పితో ఈ దారిన వచ్చేవాళ్ళు నాకంటే ముందుగా రావాలని కోరుకుంటాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదా అన్న బాధ, ఆ ఖాళీ చోటులోకి ఎప్పుడు పోతానా అన్న తహతహ, బస్సు కోవిల్‌పట్టిలో ఆగేదాకా ఆ రెండూ నన్ను వదలలేదు.