ఉప్పు దారిలో పసుపు కారు

మా ఊళ్ళో చలి అక్టోబరు చివర్లోనే దిగుతుంది. మొదటి మంచు రాలకముందే వెండెలిన్ తన పసుపు కారును ఇంట్లోకి తోసేసేవాడు. షెడ్డులోకి కాదు, ఇంట్లోకే. షెడ్డులో తేమ ఉందనీ, ఎలుకలు సీట్ల తోలు కొరుకుతాయనీ, వీధి వైపు గది గోడ పగలగొట్టించి రెండు పెద్ద తలుపులు పెట్టించాడు. అంతకుముందు అది అతని భార్య బ్లాజెనా వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గది. ఆమె పుట్టింటి అద్దాల బీరువా అప్పటినుంచీ మేడమెట్ల పక్కన ఇరుక్కుని ఉండిపోయింది. వచ్చినవాళ్ళు వంటింట్లో కూర్చునేవారు, క్యాబేజీ చారు వాసనా ఇంజను నూనె వాసనా కలిపి పీల్చుకుంటూ.

వాళ్ళది మా పక్కిల్లే. మధ్యలో కర్రల కంచె. వెండెలిన్ లారీ డ్రైవరుగా దేశాలు తిరిగిన మనిషి. ఆస్ట్రియాలో ఎవరో గుద్ది వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును లారీలో వేసుకొచ్చి, ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కా వెతికి తెచ్చి నిలబెట్టాడు. వేసవి ఆదివారాల్లో దాన్ని బయటికి తీసి డ్యాము దాకా వెళ్ళొచ్చేవాడు. పక్క సీట్లో బ్లాజెనా తలకు రుమాలు కట్టుకుని కూర్చునేది. స్టీరింగు మాత్రం ఆమె చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. పెళ్ళికి ముందు ఆమె సహకార సంఘం వాళ్ళ రొట్టెల బండి నడిపింది, ఈ కొండల మీదే, ఈ మంచులోనే. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వెండెలిన్ నవ్వేవాడు.

"దానిది రొట్టెల బండి కాలు. నా క్లచ్చు మీద పడిందంటే అంతే సంగతులు."

ఇక ఉప్పు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచు కరగడానికి మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది లేకపోతే కొండ దిగలేం. అది ఇనుమును కొరుక్కు తింటుంది. మా అందరి కార్లకూ అంచులు తుప్పుపట్టి ఉంటాయి, ఎవరమూ పట్టించుకోం. వెండెలిన్ మాత్రం ఉప్పును పామును చూసినట్టు చూసేవాడు. కారును జాకీతో ఎత్తి ఇనప స్టాండ్ల మీద నిలబెట్టి, బ్యాటరీ విప్పి వంటింట్లో పెట్టి, అడుగంతా మైనం పూసి, పైన దుప్పటి కప్పేవాడు. వీధిలో తిరిగిన బూట్లతో ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టడానికి లేదు.

ఒక శరత్కాలంలో కారును ఇంకా ఇంట్లోకి తొయ్యకముందే అతనికి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పోయాయి. నోరు పోలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చాక పడగ్గదికి మెట్లెక్కించడం ఎవరి తరమూ కాలేదు. "నా మంచం కారు పక్కనెయ్యండి," అన్నాడు. అలాగే వేశారు. ఆ ఏడు కారును లోపలికి తోసిందీ, స్టాండ్ల మీదికి ఎత్తిందీ, మైనం పూసిందీ బ్లాజెనాయే. మంచం మీద నుంచి అతను చెప్పడం, కింద పడుకుని ఆమె చెయ్యడం.

"ఎడమ మూల వదిలేశావు."

"పూశానయ్యా."

"పూస్తే మెరవాలిగా. మళ్ళీ పూయ్."

ఆమె కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసింది. ఇంటి ఖర్చులకని రెండు కార్లలో ఒకటి అమ్మాల్సి వచ్చినప్పుడు అతను పసుపు కారును ముట్టుకోనివ్వలేదు. రోజూ వాడుకునే పాత కారు పోయింది. అలా ఆమెకు బస్సు ఒక్కటే మిగిలింది, అదీ మంచు లేని రోజున. మంచు పడితే ఆమె ఉండేది ఒక మనిషికీ ఒక కారుకీ మధ్య, ఇద్దరిలో ఎవరూ కదలనివారే. మూత్రం సీసా మార్చడం, ఒళ్ళు తుడవడం, చక్రాలను చేత్తో కాస్త తిప్పి పెట్టడం, దుప్పటి దులపడం. నేను కిటికీలోంచి చూసేదాన్ని. వాకిట్లో పార పట్టుకుని మంచు ఎత్తిపోస్తూ ఒక్కోసారి ఆగిపోయేది, రోడ్డు వైపు చూస్తూ. మళ్ళీ లోపల నుంచి పిలుపు వినిపించేది.

మూడో శీతాకాలం ఫిబ్రవరిలో ఆమెకు పన్ను నొప్పి పట్టుకుంది. మొదట ఎవరమూ పట్టించుకోలేదు, ఆమెతో సహా. అదే సమయానికి మంచు మొదలై ఆగకుండా కురిసింది. బస్సు కొండ ఎక్కలేక కిందే ఆగిపోయింది. కార్లున్నవాళ్ళంతా పట్నంలో పనులకు పోయి అక్కడే చిక్కుకుపోయారు, మా ఆయనతో సహా. మంచు ఆగిన రోజు పొద్దున్న బ్లాజెనా దవడకు శాలువా చుట్టుకుని మా తలుపు కొట్టింది. చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

"వదినా, ఇది పన్ను కాదు, విషం ఎక్కుతోంది," అన్నాను. అంబులెన్సుకు ఫోన్ చేశాం. రోడ్ల మీద ప్రమాదాలు ఎక్కువయ్యాయి, బళ్ళన్నీ బయటే ఉన్నాయి, సాయంత్రానికి చూస్తాం అన్నారు. అప్పుడే మెటోద్ నడిపే ఉప్పు లారీ మంచును పక్కకు తోసుకుంటూ, వెనక ఉప్పు చల్లుకుంటూ మా ఇళ్ళ ముందు నుంచి కిందికి వెళ్ళింది. పిలిచేలోపే మలుపు తిరిగింది. రోడ్డు తెల్లగా తడిసి మిలమిలలాడుతోంది.

బ్లాజెనా కొంచెంసేపు ఆ రోడ్డునే చూసి, "ఒటీలియా, కారును స్టాండ్ల మీంచి దించడానికి ఓ చెయ్యి వేస్తావా?" అంది.

మేం బూట్లతోనే గదిలోకి వెళ్ళాం. వెండెలిన్ మా కాళ్ళ వైపు చూశాడు. ఆమె దుప్పటి లాగేసరికి మంచం మీద సగం లేచాడు.

"ఏం చేస్తున్నావే?"

"డాక్టరు దగ్గరికి పోతున్నా."

"దాని మీదా? ఉప్పులోనా? మతుండే మాట్లాడుతున్నావా? వేసవి టైర్లే అవి, మంచులో పట్టవు!"

"తెలుసు."

"పన్ను కోసం కారును చంపుతావా? ఇంకాస్త స్లివోవిత్స సారా పోసుకుని పుక్కిలించు, అదే తగ్గుద్ది."

"నిన్నటి నుంచీ పుక్కిలిస్తూనే ఉన్నానయ్యా. సీసా అయిపోయింది. పన్ను అక్కడే ఉంది."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. అతను తిట్టని తిట్టు లేదు. ఆమె అమ్మనూ, రొట్టెల బండినీ, నన్నూ, మెటోద్‌నూ ఎవరినీ వదల్లేదు. ఆమె ఒక్కొక్క స్టాండూ తీసి కారును దించింది. వంటింట్లోంచి బ్యాటరీ తెచ్చి బిగించింది. తలుపులు బార్లా తీసేసరికి చలి గదినిండా కొట్టింది. నేను అతనికి ఇంకో రెండు దుప్పట్లు కప్పాను. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

అప్పుడు అతని గొంతు మారింది.

"డిక్కీలో ఆలుగడ్డల బస్తాలు వెయ్యండి. బరువు లేకపోతే వెనకభాగం తేలిపోద్ది. ఏమే, వింటున్నావా? రెండో గేర్లోనే కదిలించు. దిగుడులో బ్రేకు ముట్టుకోకు. ఇంజనే పట్టుకోవాలి."

"వింటున్నా," అంది ఆమె. బస్తాలు వేశాం. కారు గదిలోంచి వెనక్కి జారి, వాకిట్లో మంచు మీద ఒకసారి పక్కకు తిరిగి, సర్దుకుని, రోడ్డెక్కింది.

నేను తలుపులు మూయబోతే వద్దన్నాడు. తల ఒకవైపు వంచి చప్పుడు వింటున్నాడు. "రెండో గేరు… రెండే… బాగుంది. మూడెందుకేసింది? ఆఁ, చర్చి దాటింది కదా, అక్కడ చదునే." కొండ మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది. తలుపులు మూశాను. కారు ఉన్న చోట నేల మీద నాలుగు గుండ్రటి గుర్తులు, మా బూట్ల తడి. ఆ గది అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియలేదు.

"తిరిగి రాదేమో," అన్నాడు.

"అదేం మాట అన్నయ్యా. పన్ను పీకించుకుని వస్తుంది."

"ట్యాంకులో పెట్రోలు సగానికి పైనే ఉంది." కాసేపటికి గోడ వైపు తిరిగి, "నేనైతే రాను," అన్నాడు.

నేను లేచి పొయ్యిలో కట్టెలు వేశాను.

దారిలో ఏం జరిగిందో తరవాత ఆమే చెప్పింది. కొండ సగం దిగాక మెటోద్ లారీని అందుకుంది. ఉప్పు రవ్వలు అద్దం మీదా కారు ముక్కు మీదా టపటపా కొడుతున్నాయి. అతను అద్దంలో చూసి లారీ ఆపి దిగి వచ్చాడట.

"బ్లాజెనా పిన్నీ! ఇదేంటి, నువ్వా? బాబాయి చచ్చిపోయాడా ఏంటి?"

"లేదురా, బతికే తిడుతున్నాడు. పద, ఆలస్యమవుతోంది."

"అయితే కాస్త ఎడంగా రా. దగ్గరికొస్తే ఉప్పంతా నీ మీదే పడుద్ది."

"ఆ ఉప్పు మీదే నిలబడ్డానురా నేను. దగ్గరగానే వస్తా."

అలా లోయ దాకా అతని వెనకే వెళ్ళింది. రెండు చోట్ల కారు అడ్డంగా జారింది. బ్రేకు ముట్టుకోలేదట. మొదటిసారి స్టీరింగును బిగించి పట్టుకుందట, రెండోసారి మాత్రం చేతులే వాటంతటవి తిప్పాయంది. రొట్టెల బండి రోజులు చేతుల్లో అలాగే ఉన్నాయంది.

పట్నంలో డాక్టరు చీము తీసి, పన్ను పీకి, ఇంకొక్క రోజు ఆగితే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చేదన్నాడు. బయటికొచ్చి కార్లో కూర్చుంది. దవడ మొద్దుబారి ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా పోయే పెద్ద రోడ్డు అప్పటికే ఆరిపోయింది. ఒక గంట పోతే మంచే లేని ఊళ్ళు వస్తాయి. డ్యాము దాటి, ఆ రోడ్డు మొదట్లో ఉన్న పెట్రోలు బంకు దాకా వెళ్ళింది. టీ తాగబోతే సగం గడ్డం మీదికి కారిందట.

"వెళ్ళిపోదామనుకున్నా ఒటీలియా. నిజంగానే. తాళం తిప్పి కూర్చున్నా కూడా."

"మరి?"

"ఆయనకు సీసా మార్చే వేళైంది. నీకు అది చేతకాదు, తడిపేస్తావు."

వెలుతురుండగానే వచ్చేసింది. కారు పసుపు రంగే కనిపించడం లేదు, బూడిద రంగు పొర కట్టేసింది. వెండెలిన్ ఆమె వైపు చూడలేదు, చక్రాల వైపు చూశాడు. "అడుగు కడుగు. గోరువెచ్చటి నీళ్ళు," అన్నాడు. వాచిన మొహంతో ఆమె బకెట్లు మోసింది. పోసిన నీళ్ళు పోసినట్టే గడ్డకట్టాయి. ఆ తరవాత చాలా రోజులు అతను ఆమెతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు.

మళ్ళీ బస్సు రాని వారం ఆమె అడక్కుండానే తాళాలు తీసుకుంది. కారును స్టాండ్ల మీదికి మరెప్పుడూ ఎత్తలేదు. మరుసటి ఏడు మెటోద్ ఎక్కడి నుంచో వాడిన చలికాలపు టైర్లు తెచ్చిచ్చాడు. బుధవారం పూట ఆమె పట్నం వెళ్ళడం, నన్ను వెండెలిన్ దగ్గర కూర్చోబెట్టడం అలవాటయింది. తలుపుల కింద మొదట చిన్న బుడగలు లేచాయి. తరవాత అవి పగిలి గోధుమరంగు రంధ్రాలయ్యాయి. అతను మంచం మీద నుంచి ఆ రంధ్రాలు పెరగడమే చూస్తూ పడుకునేవాడు. అంతకు మించి చూడటానికి ఆ గదిలో ఏముంది గనక.

ఒక బుధవారం మెటోద్‌ను పిలిపించి, "నన్నూ ఎక్కించరా," అన్నాడు. ఇద్దరం ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టాం. బ్లాజెనా తన రుమాలే అతని తలకు కట్టింది. దారంతా అడుగున ఉప్పు రవ్వ తగిలినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడట. డ్యాము దగ్గర ఆమె వెనక్కి తిప్పబోతే, "ఇంకాస్త ముందుకు పోనియ్యవే," అన్నాడట. పోనిచ్చింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ పొలాల్లో మంచు కరిగిపోయి నల్లటి మట్టి కనిపించే చోటు దాకా వెళ్ళారు. అక్కడ అతనికి చలి వణుకు పట్టుకుంది, సీటు తడిసింది. వెనక్కి వచ్చేశారు. ఇద్దరూ అంత దూరం వెళ్ళిన సంగతి నా ముందు ఎత్తలేదు, మెటోద్ వాళ్ళను డ్యాము అవతల చూశానని అంటే తెలిసింది, అడిగితే అప్పుడు బ్లాజెనా చెప్పింది.

ఆ తరవాతి శీతాకాలం కారు అడుగు రేకు ఊడి పడింది. తనిఖీ వాళ్ళు రోడ్డెక్కడానికి వీల్లేదన్నారు. ఇంజను కోసమని పోలండు నుంచి ఎవరో వచ్చి లాక్కుపోయారు. వెండెలిన్ ఖాళీ గదిలో మరో రెండు చలికాలాలు బతికాడు. అవే అన్నిటికన్నా పొడుగ్గా గడిచాయంటుంది బ్లాజెనా. తిట్టడానికి కూడా అతనికి ఏమీ మిగల్లేదు.

అతను పోయాక ఆమె ఇల్లమ్మి కిందికి, మంచు తక్కువుండే ఊరికి పోతుందనే అందరం అనుకున్నాం. పోలేదు. బుధవారం బస్సెక్కి పట్నం పోతుంది, బస్సు రాకపోతే ఇంట్లో ఉంటుంది. మొన్న వాకిట్లో మంచు తోస్తుంటే కంచె దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఇంకా ఇక్కడే ఎందుకు వదినా? ఇప్పుడు నిన్నెవరాపుతున్నారు?"

"అదేనే, ఎవరూ ఆపట్లేదు," అంది పార ఆనించి. "ఎటు పోవాలో ఆ మనిషితో పోట్లాడుతుంటే తెలిసేది. ఇప్పుడు తెలీడం లేదు."

మళ్ళీ వంగి మంచు తోయడం మొదలుపెట్టింది, తలుపుల ముందు నుంచి రోడ్డు దాకా, కారు పట్టేంత వెడల్పున.