అతుకు కనపడని దుప్పటి

మొన్న ఆదివారం మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి కొత్తింటి ఫొటోలు పెట్టింది. హాల్లో పెద్ద పెద్ద పూల కర్టెన్లు. ఇంకొకమ్మాయి కింద ఒక్క ముక్క రాసింది, 'కాస్త చింట్జీగా లేవూ?' అని. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేను మాత్రం మెట్రోలో నిలబడి, ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఎంత పొడుగు సమాధానం టైపు చేశానంటే దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. చివరికి అది పంపకుండా గ్రూపులోంచే బయటికొచ్చేశాను. మీరూ నా ఈడువాళ్లే కాబట్టి రోజూ ఇలాంటి మాటలు విసురుతూనే ఉంటారు, మీ మీదా ఎవరో ఒకరు విసురుతూనే ఉంటారు. ఈ ఒక్క మాట దగ్గరే నాకెందుకు ఒళ్లు మండుతుందో చెప్తాను.

చింట్జ్ అంటే పూలూ లతలూ అద్దిన నూలుబట్ట. దానికి తోక తగిలించి చింట్జీ అంటే, డిక్షనరీ యాప్‌లో ఉన్న అర్థాలు చౌకబారు, నాసిరకం, ఎబ్బెట్టు. అమెరికావాళ్లు పిసినారిని కూడా అదే మాటంటారట. స్క్రీన్ ఇంకాస్త కిందికి జరిపితే దాని పుట్టుక కనిపిస్తుంది. హిందీలో ఛీంట్ అట, అంటే చుక్కలు, చిలకరింపు. మా అమ్మమ్మ చీటిగుడ్డ అనేది కూడా ఇదేనని నాకు ఫోన్ చెప్తేగానీ తెలియలేదు. ఆ బట్ట ఒకప్పుడు బందరు రేవులో ఓడలెక్కి తెల్లవాళ్ల దేశాలకి వెళ్తే అక్కడి దొరసానులు ఎగబడి కొనేవారు. వాళ్ల దేశపు నేతగాళ్లు గగ్గోలు పెట్టి, దాన్ని రానివ్వకుండా చట్టాలు చేయించుకున్నారు. తర్వాత వాళ్ల మిల్లులే ఆ పూలను కాపీ కొట్టి చవగ్గా గుట్టలు పోశాయి. నాసి సరుకు వాళ్లది, చెడ్డపేరు మాత్రం మన మాటకి.

పుట్టి పెరిగింది హైదరాబాదులోనే అయినా నా వేసవి సెలవులన్నీ పెడనలో, మావయ్య అద్దకం షెడ్డులో గడిచాయి. గేదెపాలలో కరక్కాయ పొడి కలిపి ముంచి ఆరేసిన బట్టల వాసనకి మొదటిరోజు ముక్కు మూసుకునేదాన్ని, మూడో రోజుకి అది లేకపోతే నిద్రపట్టేది కాదు. మూటల మీద బోర్లా పడుకుని ఫోన్లో ఆటలాడుకుంటూ ఉంటే అవతల బల్లల దగ్గర చెక్క అచ్చుల మీద పిడికిళ్లు పడే చప్పుడు వినిపిస్తూ ఉండేది. అచ్చు జానెడే ఉంటుంది కాబట్టి దుప్పటి నిండాలంటే ఒకదాని పక్కన ఒకటి వేసుకుంటూ పోవాలి. రెండు అచ్చులు కలిసేచోట రంగు ముదిరినా, సన్నటి ఖాళీ మిగిలినా దాన్ని అతుకు అంటారు. అతుకు కనపడితే ఆ పూట షెడ్డంతటికీ టీ పోయించాల్సింది ఆ అద్దినవాడే, అది తాతయ్య పెట్టిన ఆనవాయితీ. టీ కంటే ముందు మాటలొచ్చేవి. 'ఏం బావా, ఇంట్లో గొడవా? పువ్వుకీ పువ్వుకీ పడట్లేదు!' అని ఈ బల్ల దగ్గరివాళ్లంటే, 'మీ ఆవిణ్ణి పిలిపించమంటావా, కలుపుద్ది!' అని ఆ బల్ల దగ్గరివాళ్లు అందుకునేవారు.

నేను ఉద్యోగంలో చేరేసరికి చుట్టుపక్కల షెడ్లన్నీ అతుకన్నదే రాని స్క్రీన్ ప్రింటింగ్‌లోకి మారిపోయాయి. మావయ్యవి రెండు బల్లలు మిగిలాయి. పెద్ద ఆర్డరు ఒకటి దొరక్కపోతే అవి కూడా తీసేయక తప్పదని అత్తయ్య అమ్మతో ఫోన్లో ఏడుస్తుంటే విన్నాను. నా మొదటి కంపెనీ దుప్పట్లు, కర్టెన్లు ఆన్‌లైన్లో అమ్మేది. ఇంకేం, మావయ్య దగ్గర్నుంచి నమూనాలు తెప్పించి మా మేడమ్ బల్ల మీద పరిచాను. ఆవిడ కాఫీ కప్పు కిందపెట్టకుండానే చూసి, 'క్యూటే కానీ, మరీ చింట్జీగా ఉంది కదా' అంది. ఆ అర్థాలన్నీ నేను ఫోన్లో వెతుక్కున్నది అప్పుడే, ఆఫీసు మెట్ల మీద కూర్చుని.

అదే ఊపులో మావయ్యకి ఫోన్ చేశాను.

'చింట్జీనా? అంటే ఏంటమ్మా, బాగున్నాయనేనా?'

'కాదు మావయ్యా, చౌకబారుగా ఉన్నాయంట!'

'అయితే ఎక్కడో అతుకు కనపడుంటది. ఆవిడ తప్పేం లేదులే' అన్నాడు.

అతుకు గురించి కాదని నేను అరిచి చెప్పినా ఆయన బుర్రకి ఎక్కలేదు. బట్టని చౌకబారు అన్నారంటే ఆ షెడ్డులో పెరిగినవాడికి ఇంకో అర్థం తోచదు. వేరే పనులన్నీ ఆపి, షెడ్డులో మిగిలిన మేస్త్రీని ఒక బల్ల దగ్గర నిలబెట్టి, తను ఇంకో బల్ల దగ్గర నిలబడి ఒకే దుప్పటి మళ్లీమళ్లీ అద్దారట. అతుకు కనపడిందల్లా పక్కన పడేశారు. వేసవిలో కట్టేసిన కాలువకి నీళ్లు వదిలేదాకా ఆగి, పారే నీళ్లలో ఉతికి పంపారు. దాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి వెతికాను, ఫోన్ కెమెరాతో దగ్గరికి లాగి కూడా చూశాను. ఒక్క అతుకు దొరకలేదు.

అప్పటికి మా కంపెనీలో గాలి మారింది. చేత్తో చేసిందంటేనే అమ్ముడుపోతోంది. మేడమ్ దుప్పటిని ఒకసారి తిప్పి చూసి, 'ఇది స్క్రీన్ ప్రింట్ కదా? హ్యాండ్ బ్లాక్ అయితే జాయింట్లు కనపడాలిగా! మీ అంకుల్ మనల్ని ఫూల్స్ అనుకుంటున్నారా?' అంది. మావయ్య అద్దుతుండగా అత్తయ్య తీసి పంపిన వీడియో ముఖం మీద పెట్టినట్టే చూపించాను. 'వీడియో ఎవరైనా తీస్తారమ్మా' అంది ఆవిడ. ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. మెడలో ఐడీ కార్డు తీసి ఆ దుప్పటి మీదే పడేసి, మళ్లీ దుప్పటి కోసం వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాను.

మావయ్య అంతా విని నవ్వాడు, అదీ నేను భరించలేకపోయింది. 'నువ్వు ఉద్యోగం పోగొట్టుకుంటం దేనికే పిచ్చిదానా? ఆళ్లకి అతుకులే కావాలంటే అతుకులే ఇద్దాం' అన్నాడు. దసరా వెళ్లేలోపే బల్లలు తీయించి షెడ్డులో స్క్రీన్లు పెట్టించాడు. కంప్యూటర్లో డిజైన్ గీసే కుర్రాడితో చెప్పి పువ్వుకీ పువ్వుకీ మధ్య కావాలనే అతుకులు వేయించాడు. ప్రతి గజానికీ అదే చోట, అదే అతుకు. చేతి అద్దకం పేరుతో సరుకు ఇట్టే అమ్ముడుపోతోంది. మేస్త్రీ చల్లపల్లిలో బట్టల కొట్లో చేరాడు.

పోయిన నెల వెళ్లినప్పుడు మావయ్య మణికట్టు చూశాను. ఎప్పుడూ వాచి ఉండేది, ఇప్పుడు మామూలుగా ఉంది. రాత్రిళ్లు నిద్ర పడుతోందట. అత్తయ్య మొహంలో కూడా దిగులు లేదు. భోజనాల దగ్గర ఆయనే అడిగాడు, 'బందరు రేవు, ఓడలు, దొరసానులు అని ఏదో చెప్పావుగా, అది ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసివ్వమ్మా, ట్యాగుల మీద ఏయిద్దాం' అని. మజ్జిగన్నం తింటూనే ఎడమచేత్తో ఫోన్లో టైపు చేసి ఇచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు, ఆ ట్యాగు కట్టే బట్టే అబద్ధం. చింట్జ్ అన్న మాట విలువ పడిపోవడానికి ఎన్నో తరాలు పట్టింది, అదీ సముద్రానికి అవతల. మా అద్దకం విలువ మా కళ్లముందే, మా ఇంట్లోవాళ్లు కడుపునిండా తిని హాయిగా నిద్రపోతుండగా పడిపోయింది. కోపం ఎవరి మీద పడాలో తెలియక, ఇవేవీ తెలియని కాలేజీ అమ్మాయిల మీద మెట్రోల్లో టైపు చేసుకుంటూ తిరుగుతున్నాను.