ఆరింటికి నాలుగు

“ఆరింటికి నాలుగు కలిశాయి, సరిపోతుందండి” అన్నాడు డాక్టరు. నాకు నమ్మకం కలగలేదు. తణుకులో ముప్పై ఏళ్లుగా బెల్లం వ్యాపారం చేస్తున్నవాణ్ణి. సరిపోతుంది అనే మాట ఎప్పుడు వాడతారో నాకు తెలుసు.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. రక్త కేన్సర్ తిరగబెట్టింది. ఇంట్లో ఎవరి ఎముక మూలుగా పిల్లకు కలవలేదు. ఎవరి కాన్పులోనో బొడ్డుతాడు నుంచి తీసి దాచిన రక్తం ఎక్కించడమొక్కటే దారి అన్నారు. ఆ రక్తంలోనూ పిల్ల రక్తంలోనూ ఆరు గుర్తులు పోల్చి, ఎన్ని కలిశాయో చూస్తారట. అది ఒంట్లో నిలిస్తేనే పిల్ల మాకు దక్కుతుంది.

“ఐదు కలిసింది లేదా?” అన్నాను.

“ఒకటుందండి. కానీ ఆ సంచిలో కణాలు తక్కువ. మీ పాప బరువుకి చాలవు.”

“మంచిది ఇంకెవరికోసమన్నా దాచారా?”

“ఇది మీ బెల్లం కొట్టు కాదండి” అన్నాడాయన. పక్కనున్న నర్సు నవ్వింది. ఆ మాటా, ఆ నవ్వూ నేను మరిచిపోలేదు.

“బరువెంతని రాశారు?”

“ముప్పై ఒక్క కిలోలు.”

“నా కళ్లెదుట తూచండి.”

నర్సు విసుక్కుంటూనే పిల్లను యంత్రం మీద నిలబెట్టింది. ఇరవై ఆరు.

“చూశారా!” అని నేను గొంతు పెంచేసరికి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఏవండీ, అరవకండి. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి బరువడిగితే నేనే చెప్పాను. తులాభారం నాటి లెక్క.”

అంతకు నెల ముందే అమ్మవారి గుడిలో పిల్ల ఎత్తు బెల్లం తూచి మొక్కు తీర్చుకున్నాం. అమ్మవారికి తక్కువ తూచకూడదని, తక్కెడ ఒరిగాక కూడా ఇంకో ఐదు కిలోల దిమ్మ పెట్టించింది నేనే. సరే, దిమ్మ నాదే. కానీ ఫోన్లో విన్న అంకెను తూచి చూడకుండా రాసుకున్నది వాళ్లు. ఆ సంగతి ఫిర్యాదుగా రాసిచ్చి, అందినట్టు సంతకం కూడా తీసుకున్నాను.

డాక్టరు మళ్లీ లెక్క వేశాడు. ఈ బరువుకైతే ఐదు కలిసిన సంచి చాలుతుందట. “ఎక్కువ కలిస్తే బతికే అవకాశం మెరుగండి. అంతకుమించి మాటివ్వలేను” అన్నాడు. మొదటిసారి ఆయన మాట నిజంలా వినబడింది.

ఆ సంచే ఎక్కించారు. కొన్ని నెలలకు తణుకులో రక్తపరీక్ష చేయిస్తే గ్రూపు ‘ఓ’ అని వచ్చింది. పుట్టినప్పటి నుంచీ మా పిల్లది ‘బి’. వేరేవాళ్ల రిపోర్టు అంటగట్టారని ల్యాబులో గొడవ పెట్టుకుని, అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేశాను.

“మీ అనుమానం సగం నిజమేనండి. అది వేరేవాళ్ల గ్రూపే. రక్తమిచ్చిన బిడ్డది. ఇప్పుడు మీ పాప ఒంట్లో తయారవుతున్నది ఆ రక్తమే. నిలిచిందండి.”

అయినా ఇంకోసారి పరీక్ష చేయమని ల్యాబతన్ని అడిగాను. పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంది.

“నాన్నా, ఇంక చాల్లే. ఆయన నిలిచిందన్నారుగా. ఇంటికెళ్దాం.”