స్కాచ్ ప్లెయిన్స్ నగరే

మా ఆయన చక్రపాణిగారు పురోహితులు. న్యూజెర్సీలో ఆయనకు తెలియని ఊరు లేదు, నడపడం వచ్చిన కారూ లేదు. డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పారు. అందుకని ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ నుంచి ప్రతి వ్రతానికీ, ప్రతి గృహప్రవేశానికీ ఆయన్ని నేనే తీసుకెళ్తాను. వారమంతా ఫార్మా కంపెనీలో ఉద్యోగం, శనాదివారాలు ఈయన మొండితనంతో సహవాసం. నా రాత అలా ఉంది.

ఆ మొండితనమంతా సంకల్పం దగ్గర బయటపడుతుంది. ఏ ద్వీపంలో, ఏ ఊళ్ళో కూర్చుని ఈ పూజ చేస్తున్నామో దేవుడికి చెప్పుకోవాలి కదా. మిగతా పురోహితులు "క్రౌంచ ద్వీపే, రమణక వర్షే" అని, చివర "న్యూజెర్సీ రాష్ట్రే" అనేసి ముందుకు వెళ్ళిపోతారు. హాయిగా ఉంటారు. ఈయనకు ఊరు కావాలి. అదీ పోస్టల్ అడ్రసులో ఉన్న ఊరు కాదు, అసలు టౌన్‌షిప్ ఏదో తేలాలి. పీటల మీద కూర్చున్న దంపతులు మొహాలు చూసుకుంటుంటే, "మీ ఇంటి చెత్త ఏ ఊరి బండి పట్టుకెళ్తుంది?" అని అడుగుతారు. పట్టుచీర కట్టుకుని, పసుపు గణపతి ముందు కూర్చున్న ఆడపిల్లని అడగాల్సిన మాటేనా అది!

"ఊరు రాయకుండా ఉత్తరం డబ్బాలో వేస్తావా విద్యా?" అంటారు నాతో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పోనీ ఈ రాష్ట్రంలో ఊళ్ళ పేర్లయినా నోరు తిరిగేవిగా ఉన్నాయా? మూడొందల ఏళ్ళ కిందట స్కాట్లాండు వాళ్ళు కొందరు ఓడలెక్కి వచ్చి, తమ దొరల పేర్లూ తమ ఊళ్ళ పేర్లూ ఇక్కడ పెట్టుకున్నారు. పెర్త్ అంబాయ్‌లో ఒక నామకరణానికి వెళ్తే, ఈయన "అంబాయ్ నగరే" అనగానే ముసలావిడొకరు అమ్మవారి పేరనుకుని లెంపలు వేసుకున్నారు. అబర్డీన్‌లో ఇంకో గొడవ. అవన్నీ ఒక ఎత్తు, స్కాచ్ ప్లెయిన్స్ ఒక్కటే ఒక ఎత్తు.

కిందటేడు శ్రావణంలో ఆ ఊళ్ళో శశికాంత్ గారింట్లో సత్యనారాయణ వ్రతం. ఈయన నిష్ఠగా కళ్ళు మూసుకుని "స్కాచ్ ప్లెయిన్స్ నగరే" అన్నారు. వెనక సోఫాలోంచి ఎవరో, "ప్లెయిన్‌గానేనా పంతులుగారూ, సోడా కలపరా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. శశికాంత్ గారు సంకల్పం నీళ్ళు పళ్ళెంలో వదలగానే ఇంకో మహానుభావుడు "చీర్స్" అన్నాడు. ఈయన పుస్తకం మూసేశారు. స్కాచ్ అంటే సారాయి కాదనీ, మనుషులనీ, తమ మతం కోసం చావుదెబ్బలు తిని సముద్రం దాటి వచ్చినవాళ్ళనీ, వాళ్ళు దిగిన మైదానం కాబట్టి ఆ పేరనీ అరగంట చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పులిహోర చల్లారిపోయింది. ఆ తర్వాత ఆ ఊరినుంచి మాకు ఫోన్లు తగ్గాయి. కారులో నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

ఈ మార్చిలో మళ్ళీ అదే ఊరినుంచి ఫోను వచ్చింది. జితేందర్ అని, కరీంనగర్ అబ్బాయి. వాళ్ళ నాన్న పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం పెట్టించాలి. నేను డ్రైవ్ చేస్తున్నాను కనుక స్పీకర్‌లో అంతా వినబడుతోంది.

"అయ్యగారూ, ఒక రిక్వెస్ట్. ఆ ఊరి పేరు లేకుండ చేయిస్తరా?"

"ఏం నాయనా, నవ్వుతారనా?"

"నవ్వుడు కాదు. మా బాపు తాగుడుతోనే పోయిండు. లివర్ ఫెయిల్ అయింది. పోయేముందు టూ ఇయర్స్ నేను ఆయనతోని మాట్లాడలే. ఆయనకు పిండం పెట్టుకుంట ఆ పేరు నా నోటితోని అనలేను."

పక్కనున్న మహానుభావుడు ఏమన్నారో తెలుసా?

"ఊరు మార్చడానికి నేనెవర్ని బాబూ? నాన్నగారు ఎక్కడికి రావాలో చెప్పొద్దూ?"

"సరే, వచ్చి చేయించుండ్రి. నాకు వేరే అయ్యగారు దొరకలే," అని ఫోను పెట్టేశాడు.

అప్పుడొచ్చింది నాకు కోపం. పదిహేనేళ్ళ కాపురంలో అంత కోపం రాలేదు. "మీకు ఊరు ముఖ్యమా, మనిషి ముఖ్యమా? ఆ పిల్లాడి ఏడుపు వినబడలేదా మీకు?" అని అరిచాను.

సంవత్సరీకం రోజు పొద్దున కారులో ఆ ఊరి పేరుకు సంస్కృతం కడుతూ గొణుక్కుంటున్నారు. "స్కాట సమభూమి నగరే... స్కాట క్షేత్రే..." అని. వారం రోజులుగా ఆయనకూ నిద్ర లేదని అప్పుడు అర్థమైంది. అయినా నా కోపం పోలేదు. "అదేదో బిస్కెట్ పేరులా ఉంది," అన్నాను.

జితేందర్ పీట మీద కూర్చున్నాడు. వేలికి దర్భ పవిత్రం, చేతిలో నువ్వులూ నీళ్ళూ. వాళ్ళమ్మ శేషమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చి నాలుగు వారాలే అయింది. వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఈయన చెప్పడం, జితేందర్ అనడం. క్రౌంచ ద్వీపే అయింది. రమణక వర్షే అయింది. ఐంద్ర ఖండే అయింది. తర్వాత ఈయన ఆగిపోయారు. "స్కాట..." అని గొంతు సవరించుకున్నారు. ఆ అబ్బాయి తల వంచుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మా ఆయన సంకల్పంలో తడబడటం నేను చూడటం అదే మొదలు.

"ఆగిన్రేంది అయ్యగారూ?" అన్నారు శేషమ్మగారు.

"ఊరి పేరు చెప్పాలమ్మా."

"చెప్పుండ్రి మరి. ఏం ఊరిది? మావోడు ఎప్పుడడిగినా న్యూజెర్సీ అంటడు."

ఈయన జితేందర్ వైపు చూశారు. అతను తల ఎత్తలేదు. ఇల్లు కొన్న ఆరేళ్ళుగా ఆ పేరు కరీంనగర్‌కు చేరకుండా దాచుకున్నాడన్నమాట. ఈయన మెల్లిగా, తప్పు చేసినవాడిలా చెప్పారు. "స్కాచ్ ప్లెయిన్స్ అమ్మా."

"స్కాచా?"

నాకు అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది. శేషమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వి, కొడుకు మీద విరుచుకుపడ్డారు.

"ఇంత మంచి పేరు దాస్తవారా? ముప్పై ఏండ్లు అన్నం ముంగట పెట్టుకొని పిలిచిన. ఒక్కనాడు టైంకు ఇంటికి రాలే మీ బాపు. గా పేరు ఇనబడితెనే వచ్చేటోడు. ఇయ్యాల గూడ నువ్వు పిలువకపోతె ఆయన ఎటు పోవాలె? జర గట్టిగ అనుండ్రి అయ్యగారూ!"

ఈయన నోరు తెరిచేలోపే జితేందర్ అన్నాడు. "స్కాచ్ ప్లెయిన్స్ నగరే." మళ్ళీ గట్టిగా అన్నాడు. ఆ తర్వాత నీళ్ళు వదులుతూ, "రా బాపూ," అన్నాడు.

అది సంకల్పంలో లేని మాట. మా ఆయన సరిదిద్దలేదు.