మా ఆయన పోసిన తలస్నానం

తాండూరులో మాది కిరాణా దుకాణం. వెనకే ఇల్లు. రెండేళ్ల కిందట శనగపప్పు డబ్బా దించబోతే నడుము పట్టేసింది. మర్నాటికి నొప్పి కుడి పిర్రలోకి దిగి, తొడ వెనక నుంచి మడమ దాకా పాకింది. వికారాబాద్‌లో డాక్టరు చూసి, నరం నొక్కుకుందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదట. మందులు వాడుతూ, ఓర్చుకోగలిగినంత కదలమన్నారు.

తిరుగు రైల్లో నేను కూర్చోలేక అల్లాడుతుంటే సీటులోని ఆడవాళ్లు లేచి నన్ను పడుకోబెట్టారు. తాండూరు దాకా నిలబడే వచ్చారు. వాళ్లెవరో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మంచమే నా లోకం. గోడ పట్టుకుని మరుగుదొడ్డికి వెళ్లొచ్చేసరికి చెమటలు పట్టేవి. అన్నం పక్కకు ఒరిగే తినేదాన్ని. అన్నింటికన్నా తల దురద ఏడిపించింది. వంగలేను, పీట మీద కూర్చోలేను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, నీళ్ల బకెట్టు మోయడం ఆమెవల్ల కాదు.

ఒక ఆదివారం మా ఆయన దుకాణం మూసి, వేడినీళ్ల బకెట్టు, కుంకుడుకాయ రసం గిన్నెతో వచ్చాడు.

"జర మంచం అంచుకు జరుగు. తల నేను పోస్త."

"వద్దు. అత్తమ్మ ఏమనుకుంటది?" అన్నాను మెల్లగా.

గడపలో ఉన్న అత్తమ్మ విననే విన్నది. "ఏమనుకోవాలె? నేను బాలింతగున్నప్పుడు మీ మామ గిట్లనే పోసిండు. తలుపు పెట్టి పోసిండు, గంతే ఫరక్. నువ్వు తల పొయ్‌రా బిడ్డా, నీళ్లు జర సల్లార్చు."

మంచం అంచున తల వేలాడేసి పడుకున్నాను. మొదటి చెంబు నా చెవుల్లోకే పోయింది. మిగతాది బండల మీద గది దాటి పారింది. ఆయన మహా పట్టుదలగా రుద్దసాగాడు.

"త్రాసు పళ్లెం తోమినట్టు తోముతున్నరు" అన్నాను.

"మరి నాకొచ్చిన పని గదే!"

నవ్వాపుకోలేకపోయాను. నవ్వితే పిర్ర నుంచి కాలి దాకా లాగింది, అయినా నవ్వాను. తర్వాత ఆయన చిక్కులన్నీ వేళ్లతోనే ఓపికగా విడదీశాడు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా జుట్టును ఆయన అంతసేపు తాకిందే లేదు.

ఆ చలికాలమంతా ఆదివారాలు అలాగే గడిచాయి. వ్యాయామాలతో మెల్లమెల్లగా కాలు నా మాట వింది. ఇప్పుడు దుకాణంలో కాసేపు కూర్చుంటాను, లేచి తిరుగుతాను, మళ్లీ కూర్చుంటాను. ఎక్కువసేపు కూర్చుంటే నరం గుర్తు చేస్తుంది.

నా తల నేను పోసుకోవడం మొదలుపెట్టిన వారమే, అత్తమ్మ కొప్పు విప్పుకొని పీట మీద కూర్చుంది.

"ఆమెది అయిపోయింది గద బిడ్డా, ఇగ నాది పట్టు" అంది కొడుకుతో.

చెంబుతో నీళ్లు అందించేది ఇప్పుడు నేను.