మామ కోర్టుకెక్కి తెచ్చిన కిటికీ

మొన్నటి ఎండలకు తాళలేక మా మనుమడు నా గదికి ఏసీ పెట్టిస్తుంటే, బిగించడానికి వచ్చిన మనిషి కిటికీ సందులన్నీ టేపు అంటించి మూసేశాడు. టేపు వంకరపోయిందని పీకించి మళ్లీ తిన్నగా వేయించాను గానీ, చూస్తున్నంతసేపూ మా మేనమామే గుర్తుకొచ్చాడు.

మామది మందమర్రిలో బొగ్గుబావి పని. సమ్మె కేసులో శిక్షపడి జైలుకు పోయేనాటికే (ఏ జైలో ఇప్పుడెందుకు లెండి) దుమ్ముతో ఆయాసం పట్టుకుంది. పైన రేకులు, ఒక్క కిటికీ లేని బ్యారక్. అందులో ఎండాకాలం దాటి ప్రాణాలతో వస్తాడా అన్నదే మా ఇంటి దిగులు. ఖైదీకైనా గాలి పీల్చే హక్కుందని మామ హైకోర్టుకెక్కాడు. అప్పుడే కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరిన నేను, ఆ పిటిషన్‌ను ఒక్క కొట్టివేత లేకుండా కొట్టాను. భర్త విడుదల కోసం అత్త కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటే, కిటికీ కోసం ఇంకో కొబ్బరికాయ మొక్కమని మామ ములాఖత్‌లో పురమాయించాడు.

హైకోర్టు పంపగా జడ్జిగారు బ్యారక్ చూడటానికి వచ్చారు. వకీలు వెంట నేనూ వెళ్లాను. బొగ్గుబావిలో బతికినవాడికి ఇదొక లెక్కా అని జైలరు తేలిగ్గా అనేసరికి మామ అందుకున్నాడు.

"బాయిల పంక తిరుగుతది సారూ. గాలి లేకుంటే మేం దిగనే దిగం. గీడ దిగనంటే మీరు ఊకుంటరా?"

చెమట తుడుచుకుంటున్న జడ్జిగారికి నవ్వాగలేదు. రెండు గోడలకూ కిటికీలు పెట్టమని ఉత్తర్వు వచ్చింది. తాపీ మేస్త్రీ పని ముగించిన మర్నాడే మామ విడుదలయ్యాడు. గేటు దగ్గర ఉతికిన బట్టలతో నిలబడ్డ అత్తను చూసి సంతోషించకుండా సణిగాడు.

"గింత కొట్లాడి పెట్టిచ్చుకుంటి. కిటికి కింద ఇంకో రెండు రాత్రులన్న పండనియ్యకపోతిరి."

"గా గాలి గంత తీపైతే మళ్ల లోపటికే పో. నేను బస్సెక్కుత," అంది అత్త.

అటునుంచి అటే కొండగట్టు పోయాం. అంజన్న ముందుగా ఎవరి మొక్కు విన్నాడని మెట్ల పొడుగునా ఇద్దరికీ తగువే. కిటికీయే ఒకరోజు ముందని తేదీలు చూసి నేను చెప్పినా అత్త ఒప్పుకోలేదు. ఆ తర్వాత మామ బతికినన్నాళ్లూ, జల్లు కొట్టినా సరే, తన ఇంట్లో కిటికీ మూయనివ్వలేదు.

ఏసీతో ఇప్పుడు నా గది చల్లగానే ఉంది, కాదనను. ఆ జైల్లో ఇప్పుడెవరో మామ కిటికీ కింద హాయిగా పడుకునే ఉంటారు, అదెవరు తెప్పించారో తెలియకుండా. తెలిసిన నేను మాత్రం, దగ్గరుండి మరీ నా కిటికీ మూయించుకున్నాను.